తోడేలు వాటా ఒక్క కాపరి మందలోంచేనా?

పోయిన నెల మా మండల కమిటీ సమావేశం ఎజెండాలో మూడు అంశాలున్నాయి. శనగల కొనుగోలు కేంద్రం, కాలువ చివరి భూములకు నీళ్లు, సభ్యత్వ నమోదు. ఏ ఒక్కటీ పూర్తిగా చర్చకు రాలేదు. పొద్దున పదింటికి మొదలైన సమావేశం అన్నాల వేళ దాకా తోడేలు మీదనే నడిచింది.

జరిగిందేమంటే, ఊరి బయట వంకలో ఎవరో చచ్చిన గొర్రె కళేబరంలో గుళికల మందు దట్టించి పెట్టారు. తెల్లారేసరికి ఒక ఆడ తోడేలు, రెండు మంద కుక్కలు, పది పన్నెండు కాకులు ఆ చుట్టుపక్కలే చచ్చి పడున్నాయి. మందు పెట్టిందెవరో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. చెప్పేవాళ్లూ లేరు.

సమావేశంలో మన సభ్యులే రెండుగా చీలిపోయారు. శనగ రైతులు కొందరు "తోడేళ్లను చంపుకుంటూ పోతే జింకల మందలను ఎవరు ఆపుతారు? పూత మీద ఉన్న చేను ఒక్క రాత్రిలో నేలమట్టం అవుతోంది" అన్నారు. వెంటనే జీవాల కాపరులు లేచారు. "మీ చేనుకు కాపలా కాసేందుకు మా పిల్లలను మేపాలా?" అన్నారు. మాటామాటా పెరిగింది. చివరికి ఒక కుర్ర కాపరి లేచి నిలబడి అడిగిన మాటకు మా ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. "తోడేలు ఒకటో షెడ్యూలులో ఉందంటారు కదన్నా, మరి నా గొర్రెపిల్ల ఏ షెడ్యూలులో ఉంది?"

ఆ ప్రశ్నకు మాకు తోచిన జవాబే ఈ వ్యాసం. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. తోడేలు ఉండాలి. మందు పెట్టడం తప్పు. అయితే తోడేలును బతికించే ఖర్చంతా ఊళ్లోకెల్లా బీద కాపరి నెత్తిన వేసి, మళ్లీ అతన్నే నేరస్థుడిగా నిలబెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఆ తప్పులో పంట రైతులమైన మాకూ భాగం ఉంది. అది ఒప్పుకోకుండా ఈ తగవు తీరదు.

చట్టం ఎవరిని చూసింది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు ఒకటో షెడ్యూలు జంతువు. కాగితం మీద పులికి ఎంత రక్షణో దానికీ అంతే. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. 2022 సవరణ తరువాత జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, బాగుకాని గాయమో జబ్బో ఉంటేనో రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అదీ పట్టుకోవడం, తరలించడం కుదరదని తేలాకే. రెండో షెడ్యూలులో ఉన్న అడవి పంది పంటను పాడుచేస్తే ఆస్తి నష్టం కింద అనుమతి ఇవ్వవచ్చు. తోడేలు మంద మీద పడిందని ఇచ్చే వీలు మాత్రం లేదు.

ఇంత గట్టి చట్టం ఊరికే రాలేదు. తెల్లదొరల కాలంలో తోడేలు తోకకో తలకో బహుమానం కట్టి మరీ చంపించారు. 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్లలో రెండు లక్షలకు పైగా తోడేళ్లను చంపారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కగట్టారు. ఇవాళ దేశం మొత్తం మీద మిగిలింది మూడు వేల పైచిలుకు. పులుల లెక్కకు దగ్గరగానే ఉంది. కానీ పులి పేరు మీద ఎంత ధనం, ఎంత సిబ్బంది, ఎన్ని అభయారణ్యాలు ఉన్నాయో చూడండి. తోడేలు పేరు మీద ఏముందో చూడండి.

ఇంకో తేడా కూడా ఉంది. తోడేలు దట్టమైన అడవిలో ఉండే జంతువు కాదు. గడ్డి బీళ్లలో, గుట్టల్లో, వంకల్లో, మన చేల గట్ల మీద బతుకుతుంది. అభయారణ్యం కంచెకు బయటనే ఎక్కువ. అంటే దాన్ని కాపాడుతున్నది అడవి గార్డు కాదు, రోజూ దాని మధ్యన జీవాలు తోలుకుపోయే మనిషి. చట్టం తోడేలును చూసింది. ఆ మనిషిని చూడలేదు.

మంద లెక్క

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7.43 కోట్లు. అందులో తెలంగాణలో 1.90 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. దేశంలో ఉన్న గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాలలోనే ఉన్నాయి. తెలంగాణలో 2017లో గొర్రెల పంపిణీ పథకం తెచ్చారు. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్ ధర లక్షా 25 వేలు, సబ్సిడీ 75 శాతం. గొర్రెలు ఇచ్చారు బాగానే ఉంది. అవి మేసే బీడు ఎక్కడుంది, రాత్రి వాటిని కాచేదెట్లా అనేది ఎవరు ఆలోచించారు?

నూరు జీవాలున్న కాపరి ఇంటి సంగతి చూద్దాం. ఈనిన పిల్లలే ఆ ఇంటి ఆదాయం. అందులోనే నట్టల మందు, వేసవి మేత, చావులు, వడ్డీ, పిల్లల చదువు. తోడేలు ఎక్కువగా పట్టేది పిల్లలనే. నోట కరుచుకుని వంక దాటిపోతుంది. ఏడాదిలో నాలుగైదు పిల్లలు పోతే ఆ ఇంటికి ఆ ఏటి మిగులు పోయినట్టే.

నష్టపరిహారం ఉంది కదా అంటారు. ఉంది. మా సంఘం సభ్యుడొకరి వెంట మేమే తిరిగాం కాబట్టి అది ఎట్లా ఉందో చెప్పగలం. మొదట కళేబరం చూపించమన్నారు. తోడేలు ఎత్తుకుపోయిన పిల్ల కళేబరం కాపరి దగ్గర ఎట్లా ఉంటుంది? మరోసారి కళేబరం దొరికింది. పశువుల డాక్టరు వచ్చేసరికి రెండో రోజు సాయంత్రం, అప్పటికి ఊరకుక్కలు మిగిల్చింది ఏమీ లేదు. తోడేలే చంపిందని రుజువేమిటన్నారు. ఫోటో సరిగ్గా లేదన్నారు. సంఘటన జరిగింది పక్క మండలంలో కాబట్టి అక్కడికి పొమ్మన్నారు. ఒక్కో తిరుగుడుకు మంద వదిలి వెళ్లాలి, లేదా కూలి మనిషిని పెట్టాలి. ఐదోసారి తరువాత ఆయన "వద్దులేన్నా, పోయిన పిల్ల కంటే ఈ తిరుగుడే ఎక్కువ అయ్యేటట్టుంది" అన్నాడు. వేసవిలో మందలు సొంతూరు వదిలి నల్లమల అంచులకో కాలువల కిందికో పోతాయి. పరాయి ఊళ్లో బీట్లో రాత్రిపూట పిల్ల పోతే ఆ కాపరి దరఖాస్తు ఎవరు తీసుకుంటారు?

వెనకటి కాపరులు ఏడాదికి ఒకటి రెండు జీవాలను తోడేలు వాటా అని లెక్కలోంచి తీసేసేవాళ్లు. మహారాష్ట్ర ధనగర్లలోనూ ఇట్లాంటి ఓర్పు ఉంది. ఇప్పటివాళ్లకు ఆ ఓర్పు లేదని కొందరు చదువుకున్నవాళ్లు వాపోతుంటారు. వెనకట బీడు విశాలంగా ఉండేది, మేతకు రూపాయి ఖర్చు లేదు, పోయినదాన్ని మంద ఏడాదిలో పూడ్చుకునేది. ఇప్పుడు చెట్టు మండకు కూడా డబ్బు పెట్టాలి. అప్పు చేసి కట్టిన మందలోంచి వాటా ఇమ్మంటే ఎవరికైనా కోపం వస్తుంది.

కాపలా మన చేనుకు, కూలి కాపరి జేబులోంచి

ఇక పంట రైతులుగా మా తప్పు. జింక తోడేలుకు సహజమైన తిండి. తోడేలు తిరిగే చోట జింకల మంద ఒకే చేనులో నిలకడగా నిలవదు. ఇది మేము కళ్లారా చూస్తున్నదే. అందుకే శనగ రైతు తోడేలు ఉండాలంటాడు. కానీ ఆ తోడేలు జింక దొరకని రోజున ఎవరి మందలో పడుతుంది? మన చేనుకు వచ్చే మేలు మనం ఉచితంగా తీసుకుంటున్నాం, దాని కూలి కాపరి ఇస్తున్నాడు. సమావేశంలో మేము మొదట ఈ సంగతి గుర్తించలేదు. "తోడేలు రైతు నేస్తం" అని పెద్ద మాట అన్నాం. కాపరులకు కోపం వచ్చిందంటే రాదా?

అసలు రైతుకూ కాపరికీ ఉన్న బంధం ఇవాళ్టిది కాదు. పంట తీశాక చేలో మంద కట్టించుకుంటాం. రాత్రికి ఇంతని డబ్బో గింజలో ఇస్తాం. జీవాల పెంట పడిన చేను రెండు మూడేళ్లు తేడా చూపిస్తుంది. ఎరువుల బస్తా ధర పెరిగేకొద్దీ మంద విలువ మనకు ఇంకా తెలిసి వస్తోంది. అట్లాంటిది మన చేలో మంద పడుకున్న రాత్రి తోడేలు వస్తే, "అది నీ జీవాలకు సంబంధించింది" అని మనం ఇంటికెళ్లి పడుకుంటున్నాం.

బీడు ఎక్కడికి పోయింది?

తోడేలుకూ కాపరికీ తగవు పెట్టిందెవరని అడిగితే మా సమాధానం ఒక్కటే: బీడును ఎందుకూ పనికిరాని భూమిగా రాసిన రికార్డు. రెవెన్యూ పుస్తకంలో అది బంజరు, పోరంబోకు. ఆ మాట రాసి ఉంటే చాలు, ఎవరికైనా ఇచ్చేయవచ్చు. కర్నూలు దగ్గర గని, శకునాల ప్రాంతంలో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు ఆరు వేల ఎకరాలలో ఉంది. సోలార్ కరెంటు వద్దని మేము అనడం లేదు. మా మోటార్లకూ కరెంటు కావాలి. కానీ మేత బీడును లెక్కగట్టి, దానికి బదులు ఏమిస్తారో చెప్పాలి కదా? అడవి భూమి తీసుకుంటే పరిహార వనీకరణ నిధికి డబ్బు కట్టాలని 2016లో చట్టం చేశారు. గడ్డి బీడు కోసం అట్లాంటి నిధి లేదు. పైగా పచ్చదనం పేరుతో ఉన్న బీట్లో కందకాలు తవ్వి మొక్కలు నాటి మందలను రానివ్వరు. మిగిలినచోట పిచ్చి తుమ్మ కమ్మేసింది.

రోళ్లపాడు మన కళ్ల ముందరి పాఠం. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఆరు వందల పైచిలుకు హెక్టార్లు. కంచె లోపల గడ్డిని కాపాడారు. కంచె బయట కాలువ నీళ్లు వచ్చాయి, జొన్న, కొర్ర పోయి పత్తి, పొగాకు వచ్చాయి, మందులు వచ్చాయి. కృష్ణజింకలు పెరిగి చేల మీద పడితే రైతుకు అభయారణ్యం అన్న మాటే చేదైపోయింది. ఏ పిట్ట పేరు మీద అదంతా మొదలైందో ఆ బట్టమేక ఇప్పుడు అక్కడ కనిపించదు. చుట్టూ ఉన్న ఊళ్లను కలుపుకోకుండా కంచె వేసి జంతువును కాపాడలేమని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తోడేలు విషయంలోనూ అదే దారి పట్టవద్దనేదే మా మాట.

ఇది మన ఒక్క ఊరి తగవు కాదు

2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్ జిల్లాలో తోడేళ్లు కనీసం ఎనిమిదిమందిని పొట్టనబెట్టుకున్నాయి. ఎక్కువమంది చిన్నపిల్లలు. చాలా ఇళ్లకు తలుపుల్లేవు. ఉక్కకు పిల్లలు ఆరుబయట పడుకున్నారు. ఊళ్లు నెలల తరబడి కర్రలు పట్టుకుని జాగారం చేశాయి. ఆ తల్లులకు తోడేలు గొప్పతనం చెప్పబోవడం అమానుషం. మన దక్కను ప్రాంతంలో తోడేలు మనుషుల జోలికి రావడం బహు అరుదు. కానీ అక్కడి వార్త టీవీలో చూశాక మా ఊళ్లలోనూ భయం పెరిగింది. ఆ భయాన్ని వెక్కిరించకూడదు. జవాబు చెప్పాలి.

బాగా ఉన్న దేశాల్లోనూ ఇదే గొడవ. యూరోపులో తోడేళ్లు ఇరవై వేలు దాటాయి. ఏటా 65 వేలకు పైగా జీవాలు, పశువులు వాటి పాలవుతున్నాయి. వాటిలో నాలుగింట మూడొంతులు గొర్రెలు, మేకలే. 2022లో యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయెన్ పెంచుకునే పొట్టి గుర్రాన్ని తోడేలు చంపింది. 2024 డిసెంబరులో బెర్న్ ఒప్పందంలో తోడేలు రక్షణ స్థాయిని ఒక మెట్టు తగ్గించారు. అక్కడ రైతులు ఏళ్ల తరబడి రోడ్డెక్కారు, కమిషన్ దాకా మాట చేరింది. మన కాపరి మాట మండల ఆఫీసు దాటడం లేదు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2020లో తోడేళ్లను మళ్లీ తెచ్చి వదలాలా వద్దా అని ప్రజల ఓటుకు పెట్టారు. 51 శాతం లోపు ఓట్లతో నెగ్గింది. ఓటేసిన బలం ఎక్కువగా పట్నాలది, తోడేళ్లను వదిలింది పశువుల పెంపకందారుల పల్లెల పక్కన. 2023 డిసెంబరులో వదిలారు. అయితే అక్కడ ఒక పని చేశారు. తోడేలు చంపిన ఒక్కో పశువుకు మార్కెట్ ధర, 15 వేల డాలర్ల దాకా, ఇవ్వాలని రాసుకున్నారు. అయినా గొడవ ఆగలేదు. డబ్బుతోనే అంతా తీరదు, ముందు అడిగి చేయాలి. కానీ డబ్బు కూడా ఇవ్వకుండా మొదలుపెట్టడం మన దగ్గరే చూస్తున్నాం.

పక్కనే కొప్పళ జిల్లా గంగావతి తాలూకాలో, మన తెలుగువాళ్ల క్యాంపులున్న ప్రాంతంలోనే, బంకాపూర్ దగ్గర 332 ఎకరాల బీడును కర్ణాటక ప్రభుత్వం తోడేళ్ల కోసం కేటాయించింది. మంచిదే. అయితే తోడేలు 332 ఎకరాల్లో కూర్చోదు. రాత్రికి మైళ్లు తిరుగుతుంది. దాని చుట్టూ ఉన్న కురుబ కాపరులు సుఖంగా ఉంటేనే ఆ బీడు నిలబడుతుంది.

మందు ఎందుకు వద్దు?

సమావేశంలో అందరి నోళ్లూ మూయించింది మాలాంటి నాయకులం కాదు. ఆ రెండు కుక్కలు ఎవరివో ఆ పెద్దాయన. ఆయన మందలోంచీ పోయిన చలికాలం మూడు పిల్లలు పోయాయి. ఆయన అన్న మాటలివి: "తోడేలు ఏడాదికి నాలుగు పిల్లల్ని తీసుకపోతాది. ఈ మందు ఒక్క రాత్రిలో నా రెండు కుక్కల్ని తీసుకపోయింది. కుక్కలు లేని మందలోంచి రేపు నాలుగు పోతాయా, పద్నాలుగా? మందు పెట్టినోడు తోడేలుకు తలుపు తీసిపెట్టినాడు."

దీనికి మేము కలిపేది కొంచెమే. గుళికల మందు ఎవరిని చంపాలో ఎంచుకోదు. వంకలో నీళ్లు తాగే జీవాలకూ, ఆడుకునే పిల్లలకూ అదే ముప్పు. ఇంకోటి, పోయిన జీవాలన్నీ తోడేలు లెక్కలోకి పోవడం లేదా అని చూసుకోవాలి. గొంతు పట్టి ఒక్కదాన్ని ఎత్తుకుపోయేది తోడేలు. తొడలు, పిర్రలు చీల్చి నాలుగైదింటిని అక్కడే పడేసి పోయేది ఎక్కువగా ఊరకుక్కల గుంపు. మాంసం దుకాణాల వ్యర్థాలు, కోళ్ల ఫారాల చచ్చిన కోళ్లు ఊరి బయట పోసి ఆ గుంపులను పెంచుతున్నది మనమే. కుక్కలు చంపిన గొర్రెకు ఏ పరిహారమూ లేదు కాబట్టి కాపరి కూడా తోడేలనే చెప్పవలసి వస్తోంది.

మా డిమాండ్లు, మా బాధ్యత

ప్రభుత్వాలను మేము అడిగేవి ఐదు.

ఒకటి, జీవాల నష్టానికి పరిహారం మార్కెట్ ధర ప్రకారం 30 రోజులలో ఖాతాలో పడాలి. కళేబరం దొరకనిచోట గ్రామ పంచాయతీ, పశువైద్య సహాయకుడు, ఇద్దరు కాపరులు కలిసి రాసిన పంచనామాను రుజువుగా ఒప్పుకోవాలి.

రెండు, వలస మందలకు ఏ మండలంలో నష్టం జరిగితే ఆ మండలంలోనే దరఖాస్తు తీసుకోవాలి. ఊరకుక్కల దాడినీ ఇందులో చేర్చాలి.

మూడు, రాత్రి దొడ్లకు ఇనుప వల, సోలార్ దీపాలు, మంద కుక్కలకు టీకాలు ఉచితంగా ఇవ్వాలి. గొర్రెల పథకాలలో ఇది భాగం కావాలి.

నాలుగు, గ్రామాల మేత బీళ్లను కొలిచి, రికార్డులో బంజరు అనే మాట తీసి మేత భూమి అని రాయాలి. గ్రామసభ ఒప్పుకోకుండా వాటిని ఏ కంపెనీకీ ఇవ్వకూడదు. ఇచ్చినచోట మేత నిధి కట్టించాలి.

ఐదు, తోడేళ్ల సంరక్షణకు ఏ ప్రణాళిక రాసినా ఆ కమిటీలో గొల్ల, కురుబ కాపరులు సభ్యులుగా ఉండాలి. సలహా అడిగి పంపేయడం చాలదు.

పంటకు అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. రైతులు ఎంత కాలంగానో అడగగా అడగగా వచ్చింది అది. కాపరి కోసమూ అంతే గట్టిగా అడగాల్సిన బాధ్యత రైతు సంఘానిది.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దని కూడా ఆ రోజు తీర్మానించుకున్నాం. మా మండలంలో ఈ ఏడాది ఎవరి చేలో మంద కట్టించుకుంటే ఆ రైతే వల, దీపం ఏర్పాటు చేయాలి. ఆ రాత్రి కాపరికి తోడుగా ఇంటికొక మనిషి పడుకోవాలి. ఆ చేలో ఉండగా పిల్ల పోతే నష్టంలో సగం ఆ రైతుది. మందు పెట్టినట్టు తెలిస్తే ఎవరైనా సరే సంఘం అతని తరఫున నిలబడదు.

కుక్కలు పోయిన పెద్దాయనకు శనగ రైతులు చందాలు వేసుకుని రెండు కుక్కపిల్లలను తెచ్చిచ్చారు. అవి ఇంకా పాలు తాగే వయసులోనే ఉన్నాయి. మందను కాసేంత పెరగడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఆయన మంద పక్కన రాత్రులు పడుకునే వంతులు రాసి సంఘం ఆఫీసు గోడకు అంటించాం. మొదటి వారం పేర్లు మా కమిటీ సభ్యులవే.